బొగ్గింజను

పొద్దున ఆరుకే బకెట్టులో సున్నం కలిపి
గ్రౌండు చుట్టూ గీత పోసింది నేనే.
మధ్యాన్నం గొంతు సవరించుకోని
ఆ గీతకు బయట నిలబడిందీ నేనే.
జిలానీ పలక కొడతాడు, నేను కేకలు కడతాను.
మురకంబట్టు జట్టుకు పదేండ్లుగా ఇదే నా పని.
జీతం లేదు. గెలిస్తే ఒక బిరియానీ.

కాట్పాడి వాళ్ళు వ్యానులో దిగినారు.
వాళ్ళ ఊరంటే రైలు, రైలంటే లేటు,
ఇంకేం కావాల మాకు?
"కాట్పాడి రైలు లేటో లేటు,
గోలు దాకా లేదు టికెట్టు!"
వాళ్ళ డ్రైవరు కూడా నవ్వినాడు.
కారం లేని ఎగతాళి చిత్తూరులో ఎవురికి కావాల?

ఇరవయ్యో నిమిషంలో ఒక గోలు తిన్నాం.
నవ్వు పులిసిపోయింది.
వాళ్ళ గోలీ ఇళంగో
పొడుగు మనిషి, నల్లగా, చెమటకు నిగనిగమంటా
మేం ఏది కొట్టినా పట్టేస్తా ఉండాడు.
రైలుకు ఇంజను తగిలించేదానికి ఎంతసేపు?
ఇంజనుకు బొగ్గు తగిలించేదానికి ఎంతసేపు?
"బొగ్గింజనొచ్చె, బొగ్గింజనొచ్చె,
ముట్టుకున్న బంతి మసైపాయె!"

మూడొందల గొంతులు.
రైలు మాటకు రైలు మాట కుదిరింది, అంతే చూసినా.
అబద్ధం.
అంతే చూసినానని
రాత్రి జిలానీతో చెప్పినా.

ఇళంగో తిరగలేదు. గ్లోవ్స్ బిగించుకున్నాడు.
తిరిగింది మా మునిరత్నం.

మా వింగరు. మా వీధోడు.
ఐదో తరగతి నుంచీ వాడి పేరు బొగ్గు.
హాజరు పట్టీలో తప్ప యాడా మునిరత్నం కాదు.
పిలిచినామనుకున్నాడో ఏమో,
బంతి వాడి కాళ్ళ ముందరే దొర్లిపోయింది.
వాడు మా దిక్కే చూస్తా నిలబడినాడు,
మేం ఎవుర్ని అంటా ఉండామో
లెక్క తేలక.
తర్వాత వంగి, ముడి ఊడని లేసును
చానా సేపు కట్టుకున్నాడు.

ఓడిపోయినాం.
టీ అంగడికాడ జిలానీ అంటాడు:
"ఆటలో వంద అంటారబ్బా,
వాళ్ళు మనల్ని గొల్టీలనలేదా?"
అన్నారు. మేళమేసి మరీ అన్నారు. నాకూ కాలింది.
కాలింది కాబట్టే చెప్తా ఉండా.
రైలు లేటంటే రేపు టయానికొచ్చి మా నోరు మూయొచ్చు.
ఆట రాదంటే గోలేసి చూపొచ్చు.
ఒంటి రంగును అంటే
ఎన్ని గోల్స్ వేసి చెరుపుతాడు మనిషి?
ఇళంగో ఆరు ఆపినాడు.
ఆపే కొద్దీ మేం ఇంకా గట్టిగా అరిచినాం.

"మరి మన బొగ్గుగాడిని రోజూ పిలుస్తాం గదా, వాడేమన్నా అన్నాడా?"
జిలానీ నిజంగానే అడిగినాడు.
నా కాడ జవాబు లేదు.
మా ఇంట్లో బిడ్డ పుడితే
ఎవురి పోలికో చూడకముందే చెవి మడత చూస్తారు,
ముందుముందు ఏ రంగు తేలతాదో అని.
నా కూతురికి నేనే చూసినా, సెల్లు లైటు వేసి.

బంతి పూర్తిగా గీత దాటితేనే గోలు.
గీత మీద వెంట్రుకంత ఆనినా గోలు కాదు.
మాటకు ఈ చట్టం పెట్టినోళ్ళు లేరు.
లైనుమాను లేడు.
జెండా ఎత్తాల్సిన చేతులతోనే
నేను చప్పట్లు కొడతా ఉంటి.

సందేళ మళ్ళా బకెట్టు ఎత్తుకున్నా.
రేపు ఫైనలు, మాది కాదు, అయినా గీత పోయాల.
రోడ్డు మీద నలుగురు పిల్లోళ్ళు
ఒకటే సైకిలు తోసుకుంటా పోతా ఉండారు.
"బొగ్గింజనొచ్చె, బొగ్గింజనొచ్చె"
ముందర నడిచే ఒకణ్ణి చూసి, వాడి వీపుకు వినబడేలా.
కాట్పాడి వ్యాను ఎప్పుడో పోయింది.
"రేయ్!" అన్నా.
సైకిలు ఆపి, పళ్ళు బయటపెట్టి
"అన్నా, నీ పాటేనన్నా!" అన్నారు
మెచ్చుకుంటానని నిలబడి.
ముందర పోయేవాడు ఆగలేదు.
నా చేతికి సున్నం ఎండి బిగుసుకుంటా ఉంది.